క్రాసింగ్ పడిన బండి

షాద్‌నగర్ నుంచో జడ్చర్ల నుంచో కాచిగూడకు రైల్లో తిరిగిన పాతతరం వాళ్లకు "క్రాసింగ్ పడింది" అన్న మాట బాగా తెలుసు. ఏ చిన్న స్టేషన్లోనో బండి ఆగిపోయేది. ఇంజను బాగానే ఉండేది, పట్టాలూ బాగానే ఉండేవి. ఎదురు బండి వచ్చి పక్క లైన్లో నిలబడేదాకా మాత్రం కదిలే వీల్లేదు. మరి ఆ ఎదురు బండి కూడా ఈ బండి కదలిక కోసమే కాచుకుని కూర్చుంటే? సాఫ్ట్‌వేర్ వాళ్లు డెడ్‌లాక్ అని పిలిచే చిక్కుముడి ఇదే. రైల్వేవాళ్లకు అది కంప్యూటర్లు పుట్టకముందే ఎదురైంది.

మహబూబ్‌నగర్ మీదుగా దక్షిణానికి సాగిన ఆ దారి నిజాం కాలపు మీటర్ గేజి లైను. 1990లలో బ్రాడ్ గేజి అయినా చాలా ఏళ్లు ఒంటి లైనుగానే ఉండిపోయింది. ఒంటి లైన్లను టోకెన్, అంటే రెండు స్టేషన్ల నడిమి సెక్షన్‌లోకి వెళ్లడానికి బండికిచ్చే అనుమతి, కాపాడేది. మన దేశంలో ఎక్కువగా వాడింది నీల్స్ యంత్రం. పక్కపక్క స్టేషన్లలోని రెండు యంత్రాలను తీగ కలిపేది. అవతలి స్టేషన్ మాస్టర్ ఒప్పుకుంటే తప్ప ఇవతల టోకెన్‌గా వాడే ఇనుప గుండు బయటికి రాదు. ఒకటి వచ్చాక, అది తిరిగి యంత్రంలో పడేదాకా రెండోది రాదు. ఆ గుండును తోలు సంచిలో వేసి, సంచిని బెత్తపు చట్రానికి కట్టి, పాయింట్స్‌మన్ పట్టాల పక్కన చెయ్యి చాచి నిలబడేవాడు. ఆగని బండిలోంచి ఇంజను సిబ్బందిలో ఒకరు వంగి, పాత చట్రాన్ని కిందికి విసిరి, కొత్తదాన్ని మోచేతికి తగిలించుకునేవారు. ఒక సెక్షన్ గుండు పక్క సెక్షన్ యంత్రంలో పట్టదు, దాని గాడులు వేరు.

ఇంత పకడ్బందీ ఏర్పాటు కూడా బండ్లు ఢీకొనకుండా ఆపగలదు తప్ప ఇరుక్కోకుండా ఆపలేదు. రెండేసి లైన్లున్న రెండు స్టేషన్లు అనుకుందాం. ఇక్కడ నిలిచిన రెండు బండ్లూ అటు పోవాలి, అక్కడ నిలిచిన రెండూ ఇటు రావాలి. ఎవరూ తప్పు చేయలేదు, ప్రమాదమూ లేదు. కానీ ఒక బండిని వెనక స్టేషన్‌కు తోస్తే తప్ప దారి తెరుచుకోదు. ఆ పరిస్థితి రాకుండా చూడటం సెక్షన్ కంట్రోలర్ బాధ్యత. స్టేషన్లు ఒకవైపు, గంటలు ఒకవైపు గీసిన చార్టు మీద ప్రతి బండినీ ఒక గీతగా గీస్తూ, ఎక్కడో ఒక లైను ఖాళీగా మిగిలేలా ముందే చూసుకోవాలి.

1960లలో డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా, ఒకే మెమరీని పంచుకునే ప్రోగ్రాముల మధ్య వంతులు కుదర్చడానికి తయారుచేసిన సాధనానికి రైలు సిగ్నల్ పేరే పెట్టాడు: సెమఫోర్. 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషాని రాసిన వ్యాసం డెడ్‌లాక్‌కు నాలుగు షరతులు చెప్పింది. వస్తువు ఒకసారి ఒకరికే దక్కాలి. చేతిలో ఉన్నది వదలకుండానే మరొకటి అడగాలి. బలవంతంగా లాక్కునే వీలుండకూడదు. ఎదురుచూపులు గుండ్రంగా తిరిగి మొదటికే రావాలి. వీటిలో ఏ ఒక్కటి తెగినా ముడి విడిపోతుంది. పై నాలుగు బండ్లకూ ఈ నాలుగూ వర్తిస్తాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఈ జబ్బును కనిపెట్టడమే కష్టం. ప్రోగ్రాం కూలిపోదు, ఎర్రర్ రాదు, ఊరికే నిలిచిపోతుంది. అప్పుడు ప్రతి థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే పని) ఏ తాళం (లాక్) పట్టుకుందో, ఏ తాళం కోసం ఆగిందో తీసి చూడాలి. జావా భాషలో జెస్టాక్ అనే పనిముట్టు ఆ చిట్టా ఇస్తుంది. జావా లైబ్రరీలోనే ఇలాంటి లోపం ఒకటి ఏళ్ల తరబడి ఉండేది. ప్రోగ్రాం భాగాలైన క్లాసులను మెమరీలోకి తెచ్చే రెండు క్లాస్ లోడర్లు ఒకదాన్నొకటి అడిగినప్పుడు, ఒక థ్రెడ్ మొదటి లోడర్ తాళం పట్టుకుని రెండోదాని కోసం, ఇంకో థ్రెడ్ రెండోది పట్టుకుని మొదటిదాని కోసం ఆగిపోయేవి. 2011లో వచ్చిన జావా 7, లోడర్ మొత్తానికి ఒకే తాళం కాకుండా క్లాసుకో తాళం వేసుకునే దారి చూపింది. లైను మొత్తానికి ఒకే టోకెన్ ఉంచే బదులు సెక్షన్‌కో టోకెన్ పెట్టడం లాంటిదే ఇది. లైనక్స్‌లో 2006లో చేరిన లాక్‌డెప్ అనే సాధనం మరీ మెచ్చుకోదగ్గది. తాళాలు ఏ వరసలో పడుతున్నాయో రాసుకుంటూ, ఆ వరస ఎక్కడైనా తిరగబడితే బండి ఇరుక్కోకముందే హెచ్చరిస్తుంది. కంట్రోలర్ చార్టు చేసే పని దాదాపు అదే. తాళాలకు ఒక వరస ముందే పెట్టుకుని అందరూ దానికి కట్టుబడటమే అన్నిటికన్నా చౌకైన మందు.

రైల్వేకు ఖరీదైన మందు రెండో లైను. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగ్ సుమారు 1,410 కోట్ల రూపాయలతో పూర్తయి, 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమైంది. నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా పోయే బీబీనగర్–గుంటూరు లైనుకు కేంద్ర మంత్రివర్గం డబ్లింగ్ మంజూరు చేసింది అదే ఏడాది ఆగస్టులో.