గొడ్రాలికి జంట మాట లేదు

మాది పోచారం. పిల్లలు కలగని ఆడదాన్ని మా ఊరు 'గొడ్రాలు' అంది. ఆమె మొగుణ్ణి అనడానికి మాటే వెతుక్కోలేదు. ఆ మౌనం ఎవరిని కాపాడింది? మగవాణ్ణయితే కాదు.

1995లో దక్షిణ కొరియాలోని యాంగ్‌సాన్‌లో, ఎలక్ట్రానిక్ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో 2-బ్రోమోప్రొపేన్ అనే సాల్వెంట్ గుట్టు బయటపడింది. మొదట కనిపించింది స్త్రీలకు నెలసరి ఆగిపోవడం. మగ కార్మికుల్ని పరీక్షిస్తే వీర్యకణాలు తగ్గిపోయి ఉన్నాయి. కొందరిలో అసలు లేవు. స్త్రీల శరీరాలు సాక్ష్యం చెప్పాకే మగవాళ్ల నష్టం తెలిసింది.

జన్యువుల అక్షరాలు మారకుండానే, వాటిని నడిపించే రసాయన గుర్తులు మారవచ్చంటుంది ఎపిజెనెటిక్స్. 2005లో మైకేల్ స్కిన్నర్ బృందం గర్భంతో ఉన్న ఎలుకలకు ఒక శిలీంద్రనాశని ఇస్తే, మగ సంతానంలో ఆ దెబ్బ నాలుగో తరం దాకా కనిపించింది. మనుషుల్లో అంత రుజువు లేదు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు నక్కవాగు గుండా మంజీరలో కలిసింది; 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. మా పోచారం నీళ్లు చేరేదీ ఆ మంజీరలోకే.

కోడల్ని ఆస్పత్రికి తీసుకుపోయే ముందు కొడుకు ఏ ఫ్యాక్టరీలో, దేని వాసన పీల్చాడో అడుగుదాం. అది నింద మార్చడం కాదు, సగం చరిత్రను పూర్తిచేయడం.