ఒకే బావి నీళ్ళు, వేరువేరు కంచాలు

మనిషిని బట్టి తిండి అనే ఆలోచన ఇవాళ జన్యుపరీక్షల పేరుతో, చక్కెర కొలిచే పరికరాల పేరుతో మన ఊళ్ళకు వస్తోంది. అమరావతి నుంచి నైరుతిగా పత్తి, మిరప చేలు దాటుకుంటూ పొదిలి, దర్శి, కనిగిరి మెట్ట వరకూ వెళితే, ఆ ఆలోచనకు ఎనభై ఏళ్ళ వెనకటి పునాది దొరుకుతుంది. తిండి సలహా చెప్పేముందు ఒంటిని ఒక్కదాన్నే చూస్తే చాలదనీ, ఆ ఒంట్లోకి ఏ బావి నీళ్ళు పోతున్నాయో, ఆ నీళ్ళతో ఏ గింజ ఉడుకుతోందో కలిపి చూడాలనీ ఈ నేల చరిత్ర చెబుతోంది.

ఆ మూడు ప్రాంతాలూ అప్పట్లో నెల్లూరు జిల్లాలోవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు 1937లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌పై ఒక వైద్య పత్రికలో వివరంగా రాశారు. ఈ జబ్బు ముందు పిల్లల పళ్ళ మీద కనిపిస్తుంది. తెల్లటి సుద్ద చారలు పడి, పోనుపోను గోధుమరంగు గారగా మారతాయి. ఏళ్ళ తరబడి అదే నీరు తాగినవారికి నడుము, మెడ బిగుసుకుపోతాయి. పక్కనున్నవాళ్ళ మొహం చూడాలంటే మెడ తిరగదు, మనిషి మొత్తంగా తిరగాలి. కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్ అని తేలింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ తర్వాతి అడుగు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలిసినంత మాత్రాన జబ్బు తీవ్రత లెక్క తేలడం లేదని గమనించి, 1940లో సి.జి. పండిట్ బృందం జనం తిండిని కూడా పరిశీలించింది. పోషణ సరిగా లేనిచోట, ముఖ్యంగా విటమిన్ సి తక్కువైనచోట, ఎముకల మీద దెబ్బ ఎక్కువని వారు సూచించారు. ఒకే విషం, వేరువేరు కంచాలు, వేరువేరు ఫలితాలు. మెట్ట పల్లెల పేదరికాన్ని వైద్యశాస్త్రం కారణాల జాబితాలో చేర్చిన సందర్భం అది.

కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో అదే జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో కృష్ణకు ఆవలి ఒడ్డున నల్లగొండలో మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకునేలా కాళ్ళు వంకరపోయిన కుర్రవాళ్ళ గురించి రాశారు. అక్కడి ప్రధానాహారం జొన్న. జొన్నలో మాలిబ్డినం అనే ఖనిజం మోతాదు పెరిగితే ఒంట్లోని రాగి లోహం మూత్రంలో ఎక్కువగా పోతుందని దేవస్థలే, గోపాలన్ 1974లో చూపించారు. ఎముక గట్టిగా అల్లుకోవడానికి రాగి లోహం కావాలి. వరి తిన్నప్పటికన్నా జొన్న తిన్నప్పుడు ఫ్లోరైడ్ ఒంట్లో ఎక్కువ నిలుస్తుందని 1977లో లక్ష్మయ్య, శ్రీకంఠయ్య చేసిన అధ్యయనం చెప్పింది. నాగార్జునసాగర్ వచ్చాక చుట్టుపక్కల భూగర్భజలం పైకి రావడం, నేలలో క్షారం పెరగడం వల్లే గింజలో మాలిబ్డినం పెరిగిందా అనే చర్చ కూడా అప్పుడే మొదలైంది. అంటే ఒక ఆనకట్ట పల్నాటి పొలాలకు నీళ్ళిస్తూనే, ఆవలి ఒడ్డున పేదవాడి సంగటిలోని ఖనిజాలను మార్చి ఉండవచ్చు.

తప్పు నీళ్ళది, మంచినీళ్ళిస్తే సరిపోయేదానికి కంచం మీద ఈ విచారణ దేనికి అని అడగవచ్చు. నీళ్ళే మొదటి మందు, అందులో రెండోమాట లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ ఉన్న నీటిని తాగించి, తిండి మార్చుకోమనడం అన్యాయం. అయితే కొళాయి వచ్చే నాటికే ఎముకలో చేరిపోయినది అంత సులువుగా పోదు. బోరునీళ్ళతో వండిన అన్నంలోనూ, పప్పులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. తిండి పాత్ర అక్కడ మొదలవుతుంది. రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ఖండారే బృందం ప్రచురించింది. అది కొద్దిమందితో కొద్దిరోజులు చేసిన పరీక్ష. బిగిసిన నడుము పులుసుతో సాగుతుందని దానర్థం కాదు. అయినా గుంటూరు, ప్రకాశం వంటిళ్ళలో రోజూ మరిగే పులుసును శాస్త్రం గంభీరంగా పరిశీలించడం విలువైన పని.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. చక్కెరవ్యాధి పెరుగుతున్న ఈ రోజుల్లో, పాలిష్ బియ్యం తగ్గించి జొన్నరొట్టె తినమని డాక్టర్లు చెబుతుంటే, జొన్న మీద అనుమానం పుట్టించడం మేలా అని. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో పెద్దవాళ్ళలో 11.4 శాతం మందికి చక్కెరవ్యాధి ఉందని చెప్పింది, కాబట్టి భయం నిజమైనదే. చక్కెరకు పాలిష్ బియ్యం కన్నా జొన్న మెరుగన్నదీ నిజమే. కానీ ఆ సలహా కాలవ నీళ్ళు తాగే తెనాలి మనిషికీ, బోరునీళ్ళు తాగే కనిగిరి మనిషికీ ఒకే చీటీ మీద రాసివ్వదగినది కాదు. కనిగిరిలో చక్కెర ఉన్నవారికి జొన్న రాసే ముందు ఇంటి నీళ్ళ పరీక్ష అడగాలి. పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ కంచంలోకి వస్తున్నాయా అని అడగాలి. 100 గ్రాముల జొన్నలో కాల్షియం 30 మిల్లీగ్రాములు కూడా ఉండదు, రాగుల్లో 300 దాటుతుంది. అందుకని రోజూ ఒకే గింజ కాకుండా రెండూ మార్చి మార్చి తినమనడం అక్కడ ఎక్కువ తెలివైన సలహా. దీనికి జన్యుపరీక్ష అక్కర్లేదు. ఊరి ఆరోగ్య కేంద్రంలో చక్కెర రీడింగు రాసే పుస్తకంలోనే బోరునీటి ఫ్లోరైడ్ అంకెకు ఒక గడి గీస్తే చాలు.