కూత లెక్క, పట్టు లెక్క: కబడ్డీలో వర్ధమాన ఆటగాడి ఎదుగుదలను కొలవడం ఎలా?

గ్రేటర్ నోయిడా: ప్రో కబడ్డీ లీగ్‌లో ఒకే సీజన్‌లో 100 ట్యాకిల్ పాయింట్లు సాధించిన తొలి డిఫెండర్ నితేశ్ కుమార్. 2018లో జరిగిన ఆరో సీజన్‌లో యూపీ యోధా జట్టుకు రైట్ కార్నర్‌గా ఆడుతూ అతడు ఈ మైలురాయిని చేరాడు. అప్పటికి లీగ్‌లో అతడి అనుభవం ఒక్క సీజన్ మాత్రమే. ఆ ఏడాది యూపీ యోధా సొంతగడ్డ మ్యాచ్‌లకు వేదిక గ్రేటర్ నోయిడాలోని షహీద్ విజయ్ సింగ్ పథిక్ క్రీడా ప్రాంగణం. తర్వాతి సీజన్‌లోనే నితేశ్‌కు సారథ్యం దక్కింది. అయితే ఆ వంద పాయింట్ల స్థాయిని అతడు మళ్లీ అందుకోలేదు. ఇరాన్ ఆటగాడు మహమ్మద్ రెజా షాద్లూయి అంతటివాడే 2023-24లో 99 దగ్గర ఆగిపోయాడు. మరి నితేశ్ ఆట 2019 నుంచి దిగజారిందా? స్కోరు పట్టిక ఒక్కటే చూసేవారు అవుననే అంటారు. జట్టు యాజమాన్యం మాత్రం అతడిని ఆ తర్వాత కూడా సీజన్ల తరబడి అట్టిపెట్టుకుంది. ఈ రెండు అంచనాల మధ్య ఉన్న దూరాన్ని అర్థం చేసుకుంటే, వృత్తిపరమైన కబడ్డీలో కుర్రాళ్ల ఎదుగుదలను ఎలా చూడాలో తెలుస్తుంది.

లీగ్‌లో జట్ల సంఖ్య 8 నుంచి 12కు పెరిగిన 2017లో యూపీ యోధా ప్రవేశించింది. యజమాని జీఎంఆర్ సంస్థ. దాని వ్యవస్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావుది ఉత్తరాంధ్రలోని రాజాం. తొలి ఏడాది జట్టు పేరున్నవారినే నమ్ముకుంది. రైడర్ నితిన్ తోమర్‌కు రూ.93 లక్షలు చెల్లించగా, అప్పటికి లీగ్ వేలంలో అదే అత్యధిక ధర. ఆ సీజన్‌లో సొంత మ్యాచ్‌లు లక్నోలో జరిగాయి. జస్వీర్ సింగ్ శిక్షణలో జట్టు స్వరూపం మారింది గ్రేటర్ నోయిడాకు వచ్చాకే. ఇక్కడ 2018 నవంబరులోనూ, 2019 అక్టోబరులోనూ పోటీలు నిర్వహించారు. వేదికకు పేరిచ్చిన విజయ్ సింగ్ పథిక్ పొరుగున ఉన్న బులంద్‌శహర్ జిల్లాలో జన్మించారు. రాజస్థాన్‌లోని బిజోలియా రైతు ఉద్యమానికి నాయకత్వం వహించిన స్వాతంత్ర్య యోధుడు. క్రికెట్ అభిమానులకు ఈ ప్రాంగణం మరో కారణంగా గుర్తుండిపోయింది: 2024 సెప్టెంబరులో అఫ్గానిస్థాన్, న్యూజీలాండ్ జట్ల మధ్య ఇక్కడ తలపెట్టిన టెస్టు ఒక్క బంతి కూడా పడకుండానే రద్దయింది.

లీగ్‌లోకి కొత్తవారు ప్రధానంగా రెండు దారుల్లో వస్తారు. ఒకటి వేలం. 2024 ఆగస్టులో ముంబయిలో జరిగిన వేలంలో ఆటగాళ్లను నాలుగు వర్గాలుగా విభజించారు. కనీస ధర ‘ఎ’ వర్గానికి రూ.30 లక్షలు, ‘బి’కి రూ.20 లక్షలు, ‘సి’కి రూ.13 లక్షలు, ‘డి’కి రూ.9 లక్షలు. 18 నుంచి 25 మంది వరకు ఉండే బృందం కోసం ఒక్కో జట్టు రూ.5 కోట్లకు మించి ఖర్చు చేయరాదు. రెండో దారి ‘న్యూ యంగ్ ప్లేయర్’ వర్గం. దేశవ్యాప్త ఎంపికల ద్వారా కొత్త కుర్రాళ్లను వెతికేందుకు 2017లో ‘ఫ్యూచర్ కబడ్డీ హీరోస్’ కార్యక్రమం మొదలైంది. ఇలా వచ్చినవారిని జట్లు తక్కువ మొత్తానికే ఒప్పందం చేసుకుని, తర్వాతి సీజన్లకు కూడా కొనసాగించుకోవచ్చు. ఒక స్టార్ రైడర్‌కు కోటిన్నర పోతే, మిగిలిన మూడున్నర కోట్లతో ఇరవై మందిని సర్దుకోవాలి. కాబట్టి చవకగా వచ్చిన కుర్రాళ్లలో ఎవరు నిలబడతారో ముందుగా పసిగట్టగల జట్టుకే వెసులుబాటు ఉంటుంది. కుర్రాడి వైపు నుంచి చూస్తే లెక్క ఇంకా కఠినం. నాలుగైదు మ్యాచ్‌ల ప్రదర్శనతోనే అతడిపై ఒక ముద్ర పడిపోతుంది.

ఈ ముద్ర రైడర్ల విషయంలో తరచూ తప్పుతుంది. ఆంగ్లంలో రైడ్ అంటే దాడి. తెలుగులో దానికి కూత అని పేరు. పదం దాడిని కాక, ఆ దాడిని నిలబెట్టే ఊపిరిని పట్టుకుంది. ఇప్పుడు ఆ ఊపిరికి గడియారం తోడైంది, కూతకు 30 సెకన్లే గడువు. అంకెలను చదివేటప్పుడు మొదట అడగవలసింది ఎన్ని పాయింట్లు అని కాదు, ఎన్ని కూతల్లో అని. ఉదాహరణకు ఇద్దరు రైడర్లు చెరి ఎనిమిది పాయింట్లు తెచ్చారనుకుందాం. ఒకరు 12 కూతల్లో, మరొకరు 22 కూతల్లో తెచ్చి ఉంటే వారిద్దరి విలువ ఒకటి కాదు. ఆ పాయింట్లలో బోనస్‌లు ఎన్ని, డిఫెండర్లను తాకి తెచ్చినవి ఎన్ని అన్నది తదుపరి ప్రశ్న. ఎదుట ఆరుగురు లేదా ఏడుగురు ఉన్నప్పుడే బోనస్ గీత పనిచేస్తుంది. బోనస్ ఒక్కటే నేర్చిన కుర్రాడు ప్రత్యర్థి ఆటగాళ్లను బయటకు పంపలేడు, తన జట్టువారిని లోపలికి తేలేడు.

అంకెల్లో కనిపించని భారం ఇంకొకటి ఉంది. వరుసగా రెండు కూతలు పాయింటు లేకుండా ముగిస్తే, మూడోది ‘డూ ఆర్ డై’. పాయింటు తేకపోతే రైడర్ అవుటైనట్లే. ప్రధాన రైడర్‌ను కాపాడుకునేందుకు శిక్షకులు ఈ మూడో కూతకు తరచుగా కుర్రాడినే పంపుతారు. అతడు పట్టుబడితే బల్లపై కూర్చోవాలి. అవుటైన ఆటగాళ్లు అదే క్రమంలో తిరిగి వస్తారు కనుక, జట్టు పాయింట్లు తెచ్చి అతడి వంతు వచ్చేదాకా నిరీక్షణ తప్పదు. ఇలా 40 నిమిషాల మ్యాచ్‌లో సగం సమయం బయటే గడిపిన కుర్రాడు మూడు పాయింట్లు తెస్తే విఫలమయ్యాడని అనడం అన్యాయం. మ్యాట్‌పై ఉన్న సమయం, ఎదుట ఉన్న డిఫెండర్ల సంఖ్య, ‘డూ ఆర్ డై’ల వాటా కలిపి చూస్తేనే అతడి అసలు ఆట కనిపిస్తుంది.

తెలుగు అభిమానులకు దీనికి దగ్గరి ఉదాహరణ సిద్ధార్థ్ దేశాయ్. 2018లో యూ ముంబా తరఫున అరంగేట్రం చేసి 218 రైడ్ పాయింట్లు తెచ్చిన అతడిని, మరుసటి ఏడాది తెలుగు టైటాన్స్ రూ.1.45 కోట్లకు దక్కించుకుంది. ‘బాహుబలి’గా పేరుపడిన సిద్ధార్థ్ ఆ నమ్మకాన్ని వమ్ము చేయలేదు. 2019లో దాదాపు అన్నే పాయింట్లు సాధించాడు. అయినా టైటాన్స్ 12 జట్లలో 11వ స్థానంలో నిలిచింది. ఆ తర్వాతి సీజన్ ఆరంభంలోనే అతడు గాయపడగా, జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. ఆటగాడిపై అంచనా సరైనదే. అతడు బయట ఉన్నప్పుడు కూత పట్టేవారెవరన్న ప్రశ్నకే జట్టు దగ్గర సమాధానం లేకపోయింది.

డిఫెండర్ల విషయానికి వస్తే, ఒక్కడిని విడిగా కొలవడమే కష్టం. కార్నర్ ఆటగాడు చీలమండ పట్టుకున్నా, పక్కనున్న కవర్ ఆటగాడు వచ్చి ఢీకొనకపోతే రైడర్ గీత దాటిపోతాడు. పాయింటు మాత్రం ఒకరి ఖాతాలోనే పడుతుంది. రెండో చిక్కు సూపర్ ట్యాకిల్. మ్యాట్‌పై ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది ఉన్నప్పుడు పట్టుకు రెండు పాయింట్లు వస్తాయి. అంటే తరచూ ఆటగాళ్లను కోల్పోయే బలహీన జట్టులోని డిఫెండర్‌కు రెట్టింపు పాయింట్ల అవకాశాలు ఎక్కువ. జట్టు బలపడి మ్యాట్ నిండుగా ఉంటే అవి తగ్గుతాయి. అదీకాక, ఒక కార్నర్ ప్రమాదకరమని తెలిశాక రైడర్లు రెండో వైపుకు మళ్లుతారు. నితేశ్ విషయంలో జరిగిన దానికి ఇది సమంజసమైన వివరణ. 2019లో లెఫ్ట్ కార్నర్‌లో సుమిత్ అడుగుపెట్టాడు. తొలి సీజన్‌లోనే లీగ్‌లోని అగ్రశ్రేణి డిఫెండర్ల సరసన చేరాడు. కవర్‌లో అశు సింగ్ వచ్చాడు. ఒకప్పుడు ఒక్కడి పేరిట జమ అయిన పాయింట్లను పంచుకునేవారు ఇప్పుడు ముగ్గురయ్యారు. అందువల్ల డిఫెండర్‌ను కొలిచేటప్పుడు అతడు చేసిన ప్రయత్నాల్లో ఎన్ని ఫలించాయన్నది, తొందరపడి ముందుకు దూకి జట్టుకు ఎన్ని పాయింట్లు పోగొట్టాడన్నది మొత్తం కంటే ముఖ్యం.

ఆ కూర్పు ఫలితాల్లోనూ కనిపించింది. 2018లో ప్లేఆఫ్‌కు చేరిన యోధా, యూ ముంబాను 34-29తో, దబాంగ్ ఢిల్లీని 45-33తో ఓడించి, గుజరాత్ చేతిలో 31-38తో నిష్క్రమించింది. 2019 ఎలిమినేటర్‌లో బెంగళూరు బుల్స్‌తో నిర్ణీత సమయానికి స్కోరు సమమైంది. అదనపు సమయంలో 45-48తో ఓటమి ఎదురైంది.

2021లో యాజమాన్యం వ్యూహం మార్చింది. ఒకే సీజన్‌లో 369 రైడ్ పాయింట్ల రికార్డు కలిగిన ప్రదీప్ నర్వాల్‌ను రూ.1.65 కోట్లకు తెచ్చుకుంది. స్టార్ వస్తే కుర్రాళ్లు వెనక్కు పోతారన్నది సాధారణ అంచనా. జరిగింది వేరు. ప్రత్యర్థుల దృష్టంతా ప్రదీప్‌పై ఉండగా, 2019లో వచ్చిన సురేందర్ గిల్ ఆ సీజన్‌లో అతడితో దాదాపు సమానంగా పాయింట్లు తెచ్చాడు. జట్టు సెమీఫైనల్ చేరింది. ఇక్కడొక జాగ్రత్త అవసరం. స్టార్ పక్కన ఆడిన కుర్రాడి అంకెలు స్టార్ లేనప్పుడు నిలుస్తాయా అన్నది విడిగా తేల్చుకోవాలి. 2023-24లో యోధా 11వ స్థానానికి పడిపోయింది, ఆ తర్వాత ప్రదీప్‌ను వదులుకుంది. మరుసటి సీజన్‌లో గగన్ గౌడ, భవానీ రాజ్‌పుత్ వంటి రైడర్లతో, సుమిత్, అశులు ఉన్న డిఫెన్స్‌తో మూడో స్థానానికి ఎగబాకింది. అంత పెద్ద పేరు పోయాక జట్టు మెరుగుపడటం వెనుక ఒకే కారణం ఉందని చెప్పలేం. పాత కుర్రాళ్లను అట్టిపెట్టుకోకపోతే మాత్రం అది సాధ్యమయ్యేది కాదు.

శరీరం సంగతి వేరే చెప్పుకోవాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం జూనియర్ బాలుర బరువు 70 కిలోలు మించరాదు. సీనియర్ పురుషులకు పరిమితి 85 కిలోలు. ఇద్దరూ ఆడేది ఒకే కొలతల మైదానంలో, 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. జూనియర్‌లో చురుకుదనంతో తప్పించుకున్న కుర్రాడిని, తనకంటే పది పదిహేను కిలోలు ఎక్కువున్న కవర్ ఆటగాడు ఢీకొంటే పరిస్థితి వేరుగా ఉంటుంది. బరువు పెంచే క్రమంలో వేగం తగ్గవచ్చు, మోకాలు, భుజం గాయాల పాలు కావచ్చు. రెండో సీజన్‌లో చాలామంది వెనకబడటానికి ఇదొక కారణం. అప్పటికి ప్రత్యర్థి శిక్షకులు వారి కూతల వీడియోలన్నీ చూసి ఉండటం మరో కారణం. ఈ మార్పు కాలాన్ని వేలం దాకా రాకముందే గడిపేందుకు ఇప్పుడు యువ కబడ్డీ సిరీస్ వంటి పోటీలున్నాయి. యువ యోధాస్, యువ పల్టన్, యువ ముంబా పేర్లతో లీగ్ జట్ల కుర్రాళ్లు ప్రత్యేక బృందాలుగా ఆడుతున్నారు.

ఓపికకు ఫలితం దక్కించుకున్న జట్టుగా పుణేరి పల్టన్‌ను చెప్పుకోవాలి. 2021-22లో అరంగేట్రం చేసిన అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్‌లను అది వదులుకోలేదు. 2024 మార్చి 1న హైదరాబాద్‌లోని గచ్చిబౌలిలో హరియాణా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి తొలి టైటిల్ గెలిచినప్పుడు సారథి అస్లం. అదే సీజన్‌లో పవన్ సెహ్రావత్ కోసం రూ.2.60 కోట్లకు పైగా వెచ్చించిన తెలుగు టైటాన్స్ రెండే మ్యాచ్‌లు గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైనా, విజయ్ మాలిక్, ఆశిష్ నర్వాల్ బాధ్యత తీసుకోవడంతో 12 విజయాలు సాధించింది.

హాకీ ఇంకో మార్గం ఎంచుకుంది. పునఃప్రారంభమైన హాకీ ఇండియా లీగ్‌లో 24 మంది బృందంలో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలన్నది నిబంధన. హైదరాబాద్ తూఫాన్స్ సహా ప్రతి జట్టుకూ ఇది వర్తిస్తుంది. కబడ్డీలో కుర్రాడిని తీసుకోవడం జట్టు లెక్క, హాకీలో అది జట్టు బాధ్యత. అయితే బృందంలో చోటు వేరు, మైదానంలో సమయం వేరు. నిబంధన మొదటిదాన్నే ఇవ్వగలదు.

2019 తర్వాత ప్రో కబడ్డీ గ్రేటర్ నోయిడాకు తిరిగి రాలేదు. యోధా సొంత మ్యాచ్‌లు ఇదే గౌతమ్ బుద్ధ నగర్ జిల్లాలోని నోయిడా ఇండోర్ స్టేడియానికి మారాయి. 2024 డిసెంబరులో ఆ జట్టు ఎలిమినేటర్‌లో జైపుర్‌ను 46-18తో చిత్తుచేసి, సెమీఫైనల్‌లో హరియాణా స్టీలర్స్ చేతిలో 25-28తో ఓడింది. అయిదేళ్ల కిందట గ్రేటర్ నోయిడా మ్యాట్‌పై కొత్తవారిగా ఆడిన సుమిత్, అశు సింగ్ అప్పటికీ అదే జెర్సీలో ఉన్నారు.