గ్రాబ్ (ఆంగ్ల పదము)

గ్రాబ్ అనునది ఆంగ్ల భాషలో క్రియగాను, నామవాచకముగాను వాడబడు పదము. చటుక్కున పట్టుకొనుట, బలవంతముగా లాగుకొనుట, అత్యాశతో పరుల సొత్తును అన్యాయముగా సొంతము చేసికొనుట దీని ముఖ్యార్థములు.

వ్యుత్పత్తి

ఈ పదము 16వ శతాబ్దపు చివరి భాగమున ఆంగ్లములో ప్రవేశించినది. మధ్యయుగపు డచ్చి, లో జర్మన్ భాషలలోని గ్రబ్బెన్ అను క్రియ దీనికి మూలము. వైదిక సంస్కృతములోని "గృభ్ణాతి" (పట్టుకొనును) దీనికి జ్ఞాతి పదమని పలువురు భాషావేత్తల అభిప్రాయము. ఆ లెక్కన గ్రహించు, గ్రహణము అను మాటలు దీనికి దూరపు బంధువులు. పూర్వము కాన్హోజీ ఆంగ్రే నౌకాదళములో ఉండిన "గ్రాబ్" అను ఓడల పేరు వేరు. అది కాకి జాతి పక్షిని తెలుపు "గురాబ్" అను అరబ్బీ పదము నుండి వచ్చినది.

వాడుక

* నిర్దోషమైన అర్థము: త్వరగా అందుకొనుట. హడావిడిగా ఇంత తినిపోవుటకు కూడ ఈ క్రియనే వాడుదురు.
* పరికరము: ఓడలనుండి బొగ్గు, ఖనిజములు ఎత్తు క్రేనునకు తగిలించు ఇనుప దవడ.
* నిందార్థము: అధికారమును, ఆస్తిని దక్కించుకొనుట. ల్యాండ్ గ్రాబ్ అనగా భూ ఆక్రమణ.

తెలుగులో సందర్భమును బట్టి లాగుకొను, గుంజుకొను, కాజేయు, ఆక్రమించు అను క్రియలు దీనికి సరిపోవును. భూమి విషయములో "కబ్జా" అను మాట ఎక్కువ. అరబ్బీ నుండి వచ్చిన ఈ మాటకు మొదటి అర్థము స్వాధీనము మాత్రమే. తెలంగాణ భూమి దస్తావేజులలో అది ఆ అర్థముననే కనబడును. వాడుక భాషలో అక్రమ స్వాధీనమను అర్థము స్థిరపడినది.

చట్టములో

ఆంధ్ర ప్రదేశ్ భూ ఆక్రమణ (నిషేధ) చట్టము, 1982 ఈ పదమునకు న్యాయపరమైన ప్రాధాన్యము కల్పించినది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, దేవాదాయ, వక్ఫ్, ప్రైవేటు భూములన్నియు దీని పరిధిలోనికి తేబడినవి. నేరమునకు 6 నెలలకు తగ్గకుండ 5 సంవత్సరముల వరకు జైలు శిక్ష విధించబడినది. భూమి ఫిర్యాదుదారునిదని ప్రాథమికముగా తేలినచో, తాను ఆక్రమించలేదని నిరూపించుకొను భారము ప్రతివాదిదే.

"ల్యాండ్ గ్రాబింగ్" అను మాటను ఈ చట్టము నిర్వచించినను, "గ్రాబ్" అనగా ఏమో విడిగా చెప్పలేదు. బలప్రయోగము లేనిచో అది గ్రాబ్ అగునా అను ప్రశ్నపై వ్యాజ్యముల ఫలితము ఆధారపడెను. కొండా లక్ష్మణ్ బాపూజీ, ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము మధ్య నడచిన వ్యాజ్యములో సుప్రీం కోర్టు 2002లో దీనికి సమాధానమిచ్చినది. చట్టములో ఈ పదము సంకుచిత, విశాలార్థములు రెంటిలోను వాడబడినదని, బలముతోనే కాక అన్యాయముగా, అత్యాశతో పొందిన స్వాధీనము కూడ గ్రాబ్ అగునని నిర్ణయించినది. అయితే చట్టబద్ధమైన హక్కు లేకుండుటతో పాటు అక్రమముగా స్వాధీనము చేసికొను ఉద్దేశము కూడ ఉండవలెను. కావున దౌర్జన్యము చేయలేదను ఒక్క కారణముతో ఆక్రమణదారు తప్పించుకొనజాలడు. అట్లే అక్రమ ఉద్దేశము లేనిదే కేవల స్వాధీనము ఈ నేరము కాజాలదు.