నా పాత డుకాటీ, 1956 నాటి ఒక నిర్ణయం

పోయిన చలికాలంలో నేనొక పాత ఇటలీ బండి కొన్నాను. డుకాటీ 900 సూపర్‌స్పోర్ట్. 1996లో తయారైంది. ఎర్ర రంగు, 904 సీసీ, రెండు సిలిండర్లు. దాని క్లచ్ నూనెలో మునగదు, బయటే పొడిగా ఉంటుంది. అందుకని బండి ఆగి ఉన్నప్పుడు గిన్నెలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు చేస్తుంది. మొదటిసారి విన్న మా అమ్మ, "ఏదో ఊడిపోయింది, చూడు!" అని కంగారుపడింది.

ఈ బండి కొన్నాక నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. దీని సర్వీసుకు ఇంత పని, ఇంత ఖర్చు ఎందుకు? జపాన్ బండ్లకు లేని బాధ దీనికెందుకు? జవాబు వెతుకుతూ పోతే 1956 దగ్గర తేలాను. ఆ కథే ఇవాళ రాస్తున్నాను. ఇంజను మాటలు తెలుగులో రాయడం నాకిదే మొదటిసారి. వాల్వ్‌ను "కవాటం" అంటారని నిఘంటువులో ఉంది. నాన్నతో "కవాటం" అంటే నవ్వి, "మెకానిక్ దగ్గర ఆ మాట అనకు తల్లీ, గుడి తలుపు బాగుచేయమంటున్నావనుకుంటాడు" అన్నారు. కాబట్టి వాల్వ్ అనే రాస్తాను.

ముందు, కొన్న సంగతి. ఇక్కడ బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన బండికి ప్రతి ఏడాదీ ఎం.ఓ.టి. పరీక్ష చేయించాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో బండి నంబరు కొడితే పాత పరీక్షల ఫలితాలు, అప్పటి మీటరు అంకెలు కనిపిస్తాయి. నేను చూశాను. ఈ బండి గత ఆరేళ్లలో తిరిగింది 212 మైళ్లు. అమ్మే ఆయన దాన్ని గొప్పగా చెప్పాడు. నేను కూడా సంబరపడ్డాను. తక్కువ తిరిగిన బండి మంచి బండే కదా? "బెల్టులు ఈ మధ్యనే మార్పించాను" అని కూడా అన్నాడు. రసీదు అడిగితే, "ఎక్కడో ఉంది, పంపిస్తాను" అన్నాడు. పంపలేదు. మూడేళ్లుగా దాచుకున్న డబ్బు ఆయన చేతిలో పెట్టేసి ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచించాను. ఆ బెల్టు తెగితే నా డబ్బంతా పోయినట్టే. ఎందుకో చెప్పాలంటే చరిత్ర చెప్పాలి.

డుకాటీ కంపెనీ మొదట బండ్ల కంపెనీ కాదు. 1926లో ఇటలీలోని బొలోన్యా నగరంలో రేడియో భాగాలు చేయడానికి పెట్టారు. తండ్రి, ముగ్గురు కొడుకులు కలిసి పెట్టిన సంస్థ అది. బోర్గో పనిగాలే అనే పేటలో పెద్ద ఫ్యాక్టరీ కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 అక్టోబరులో, ఆ ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి. యుద్ధం అయ్యేసరికి దేశంలో కారు కొనే శక్తి ఎవరికీ లేదు. అందరి దగ్గరా సైకిళ్లు ఉన్నాయి. 1946లో డుకాటీ సైకిలుకు తగిలించే 48 సీసీ చిన్న ఇంజను తయారు చేయడం మొదలుపెట్టింది. దాని పేరు కూచోలో, అంటే కుక్కపిల్ల. ఈ రోజు లక్షలు పోసి కొనే బండ్లకు తాత ఆ కుక్కపిల్లే.

1954లో ఫాబియో తాల్యోనీ అనే ఇంజనీరు డుకాటీలో చేరాడు. అప్పటికి ఆయన వయసు 33. ఆ రోజుల్లో ఇటలీలో మామూలు రోడ్ల మీదే వందల మైళ్ల పందేలు జరిగేవి. వాటిలో గెలిచిన కంపెనీ బండ్లు అమ్ముడుపోయేవి. ఆయన చేసిన 100 సీసీ చిన్న బండి ఆ పందేల్లో బాగా గెలిచింది. కాని గ్రాండ్ ప్రీ పందేలకు అది చాలదు. అక్కడ ఇంజను ఇంకా వేగంగా తిరగాలి. అడ్డం వచ్చింది ఒక చిన్న వస్తువు, వాల్వ్ స్ప్రింగు.

నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఇంజను గాలి పీల్చడానికి, పొగ వదలడానికి వాల్వులు తెరుచుకోవాలి, మూసుకోవాలి. మామూలు ఇంజనులో క్యామ్ వాల్వ్‌ను నెట్టి తెరుస్తుంది. మూసే పని స్ప్రింగుది. మనింట్లో స్ప్రింగు తలుపు లాంటిదే. మనం నెడితే తెరుచుకుంటుంది, వదిలితే దానంతటదే పడుతుంది. మనుషులు ఒక్కొక్కరుగా వస్తే తలుపు బాగానే పడుతుంది. పరుగున ఒకరి వెనక ఒకరు వస్తే? ఒకరు వెళ్లాక పడే లోపే ఇంకొకరు నెడతారు. వేగం పెరిగినప్పుడు వాల్వ్‌కు కూడా అదే గతి. స్ప్రింగు దాన్ని సమయానికి మూయలేదు, వాల్వ్ గాలిలో తేలుతుంది, కింద నుంచి వచ్చే పిస్టన్ దాన్ని కొట్టవచ్చు. అదీగాక ఆ కాలపు స్ప్రింగులు విరిగిపోయేవి కూడా. ఇప్పటి ఉక్కు అప్పుడు లేదు.

తాల్యోనీ ఆలోచన ఏమిటంటే, మూసే పనిని స్ప్రింగు దయకు వదలొద్దు. తెరవడానికి ఒక రాకర్, మూయడానికి ఇంకొక రాకర్. రెండిటినీ క్యామే నడుపుతుంది. తలుపు దగ్గర ఇద్దరు మనుషులను పెట్టినట్టు. ఒకడు తెరుస్తాడు, ఇంకొకడు మూస్తాడు. ఈ పద్ధతి పేరు డెస్మోడ్రోమిక్. బంధం, దారి అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి పెట్టిన పేరు. అందరూ డెస్మో అంటారు. ఇది ఆయన కనిపెట్టింది కాదు. 1954, 1955లలో ఫార్ములా వన్ గెలిచిన మెర్సిడిస్ కార్లలో ఇదే ఉంది. కాని మెర్సిడిస్ 1955తో పందేలు ఆపేసింది. ఈ పద్ధతిని పట్టుకుని దశాబ్దాలు నిలిచింది డుకాటీ ఒక్కటే.

1956 జులైలో స్వీడన్ గ్రాండ్ ప్రీలో 125 సీసీ డెస్మో మొదటిసారి పందేనికి వచ్చింది. వచ్చిన రోజే గెలిచింది. నడిపిన జాన్నీ దెల్యాంతోని కొన్ని వారాలకే మోంజా ట్రాక్‌లో బండిని పరీక్షిస్తూ చనిపోయాడు. గెలుపు కథలో ఈ ముక్క చాలామంది చెప్పరు. నాకు చెప్పాలనిపించింది.

ఆ తర్వాత డెస్మో మెల్లగా రోడ్డు మీదికి వచ్చింది. 1968లో మామూలు జనం కొనే ఒక సిలిండరు బండ్లలో పెట్టారు. 1972లో ఇమోలా 200 మైళ్ల పందెంలో 750 సీసీ డెస్మోలు మొదటి, రెండో స్థానాలు తెచ్చాయి. గెలిచింది పాల్ స్మార్ట్ అనే ఇంగ్లీషాయన. 1978లో మైక్ హెయిల్‌వుడ్ పదకొండేళ్ల తర్వాత ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీకి తిరిగొచ్చి, డుకాటీ మీద ఫార్ములా వన్ పందెం గెలిచాడు. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. ఇక్కడి పెద్దవాళ్లు ఆ రోజు గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఈ దేశంలో ఇన్ని పాత డుకాటీలు ఉండటానికి ఆ గెలుపు కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఇంకో మార్పు 1979లో అమ్మకానికొచ్చిన పాంటా బండితో జరిగింది. అంతకుముందు క్యామ్‌లను తిప్పడానికి ఇనుప షాఫ్టులు, పళ్ల చక్రాలు ఉండేవి. చూడటానికి అందం, కాని తయారీకి ఖర్చు, పని ఎక్కువ. పాంటాలో తాల్యోనీ వాటి బదులు పళ్లున్న రబ్బరు బెల్టులు పెట్టాడు. ఖర్చు తగ్గింది, చప్పుడు తగ్గింది. 1985లో కంపెనీని కజీవా అనే ఇంకో ఇటలీ కంపెనీ కొనుక్కుంది. కొత్త బండ్లు ఆ పాంటా ఇంజను వంశం నుంచే వచ్చాయి. నా 900 కూడా ఆ వంశమే.

ఇప్పుడు నా భయం మీకు అర్థమవుతుంది. రబ్బరు తిరిగినా పాతబడుతుంది, తిరగకపోయినా పాతబడుతుంది. అందుకే బెల్టులను మైళ్లతో సంబంధం లేకుండా రెండేళ్లకొకసారి మార్చమంటారు. బెల్టు తెగితే క్యామ్ ఆగుతుంది, పిస్టన్ ఆగదు. వాల్వ్ వంగుతుంది. ఆరేళ్లలో 212 మైళ్లు అనేది మంచి వార్త కాదు. పైగా ఒక్కో వాల్వ్‌కు తెరిచే వైపు ఒక వదులు, మూసే వైపు ఒక వదులు. నా బండికి నాలుగు వాల్వులు, కాబట్టి చూడాల్సినవి ఎనిమిది. నాలుగు వాల్వుల తలలున్న డుకాటీలకైతే పదహారు. 1990ల బండ్లకు సుమారు ప్రతి 6,000 మైళ్లకూ చూడాలి. కష్టానికి కారణం ఇటలీ వాళ్ల నిర్లక్ష్యం కాదు. 1956లో స్ప్రింగు విరిగేది కాబట్టి తీసుకున్న మంచి నిర్ణయం అది. స్ప్రింగులు తర్వాత బాగుపడ్డాయి. నిర్ణయం మాత్రం అలాగే ఉండిపోయింది. దాని ఖర్చు ఇప్పుడు నాలాంటివాళ్లు కడుతున్నారు.

బెల్టులు మార్చేదాకా స్టార్ట్ చేయకూడదనుకున్నాను. వర్క్‌షాపులో ధర అడిగితే గుండె ఆగినంత పనైంది. నేనే చేయాలనుకున్నాను. నాన్న గ్యారేజీలోకి వచ్చి స్టూలు వేసుకుని కూర్చున్నారు. "ఇంత డబ్బు పోసి పాత బండి కొన్నావు, నడపవు. ఇదేం సరదా తల్లీ?" అన్నారు. కాసేపటికి టార్చిలైటు పట్టుకున్నారు.

పాత బెల్టు తీసి వెనక్కి వంచితే పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లు. ఈ మధ్య మార్చిన బెల్టు కాదది. నాకు కోపం వచ్చింది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "రసీదు లేని మాట" అన్నారు, అంతే. ఎనిమిది వదుల్లో ఏడు సరిగానే ఉన్నాయి. ఒక వాల్వ్ మూసే వైపు వదులు ఎక్కువైంది. షిమ్‌ను పట్టి ఉంచే రెండు అరవంకీలు నలిగితే అలా అవుతుంది. కొత్తవి తెప్పించి, సరైన మందం షిమ్ వేశాను. రెండు ఆదివారాలు పట్టింది. కొత్త బెల్టు బిగువు చూడటానికి దాన్ని తీగలా మీటి, ఆ శబ్దం ఎన్ని హెర్ట్జులో ఫోనులో చూస్తారు. నాన్న ఆ పని తనకిమ్మన్నారు. చిన్నప్పుడు ఇంట్లో వీణ ఉండేదట. నాకా సంగతి అప్పటిదాకా తెలియదు.

అప్పుడే తన స్కూటరు గురించి చెప్పారు. పెళ్లికి ముందు తెనాలిలో ఆయనకు ఒక పాత విజయ్ సూపర్ ఉండేది. పొద్దున్నే పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి, కిక్కు మీద కిక్కు కొట్టాలి. జేబులో ఎప్పుడూ స్పార్క్ ప్లగ్గు ఒకటి. నేను ఫోనులో వెతికి చూపించాను. విజయ్ సూపర్ అసలు లాంబ్రెటా. మిలాన్‌లోని ఇన్నొచెంటి కంపెనీ యంత్రాలను 1972లో పెట్టిన ప్రభుత్వ సంస్థ స్కూటర్స్ ఇండియా కొని, లక్నోలో బిగించింది. "అయితే నాదీ ఇటలీ బండేనా!" అని ఆయన చాలాసేపు నవ్వారు. నాకంటే ముందు మా ఇంట్లో ఇటలీ బండికి చాకిరీ చేసినవాడు ఆయనే.

బండి స్టార్ట్ అయింది. గులకరాళ్ల చప్పుడుతో సహా.

ఒక చివరి సంగతి. 2020లో డుకాటీ మల్టీస్ట్రాడా వి4 కోసం చేసిన కొత్త ఇంజనులో డెస్మో తీసేసి మళ్లీ స్ప్రింగులు పెట్టింది. దాని వాల్వులు 60,000 కిలోమీటర్లకొకసారి చూస్తే చాలు. డెస్మో ఇంకా కొన్ని బండ్లలో ఉంది, కాని కంపెనీ కూడా దాన్ని కొంచెం కొంచెంగా వదులుతోంది. తప్పని అనను. స్ప్రింగు బాగుపడింది కాబట్టి వదిలారు. కాని పాత బండ్లు అలాగే ఉంటాయి, వాటికి ఈ పని తెలిసినవాళ్లు కావాలి. ఎనిమిది వదులు చూడటం వచ్చినవాళ్లలో ఇప్పుడు నేనూ ఒకదాన్ని.

మీలో ఎవరైనా పాత డుకాటీ కొనాలనుకుంటే మూడు చూడండి. బెల్టులు మార్చిన తేదీ కాగితం మీద ఉందా? వాల్వులు చివరిసారి ఎప్పుడు చూశారు? బండి ఏటా కొంచెమైనా తిరిగిందా? కాగితం లేకపోతే మార్చలేదనే అనుకుని, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. నేను అడగలేదు.

"అరవంకీలు" అనే మాట నేనే కల్పించాను. మన మెకానిక్‌లు వాటిని ఏమంటారో తెలిస్తే చెప్పండి, దిద్దుకుంటాను.