చలికాలంలో క్యాప్సికం విత్తనం మొలకెత్తాలంటే

క్యాప్సికం (బెంగళూరు మిర్చి) సంకర విత్తనం ఖరీదైనది. గింజలు లెక్కపెట్టుకుని కొంటాం. అలాంటిది నారు పోసి వారం దాటినా ట్రేలో ఒక్క మొలకా కనిపించకపోతే గుబులు పుడుతుంది. వెంటనే నీళ్లు ఎక్కువ పోయడం, వేలితో కెలికి చూడడం మొదలవుతుంది. నేను చూసినంతలో గింజ ఎక్కువగా చెడేది అప్పుడే.

ఈ విత్తనానికి 25-30 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అది ఉంటే 8-10 రోజుల్లో మొలుస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు పడిపోయే చోట మూడు వారాలు కూడా పట్టవచ్చు. చలికి తడి తోడైతే గింజ లోపలే కుళ్లిపోతుంది.

నిరుటి ప్యాకెట్ అయితే ముందుగా 20 గింజలు తడిగుడ్డలో చుట్టి, వెచ్చని చోట ఉంచి పరీక్షించుకోవాలి. మొలిచిన వాటిని పారేయనక్కర్లేదు, వేరు విరగకుండా ట్రేలో పెట్టుకోవచ్చు. రంగు పూసిన విత్తనానికి కంపెనీ వారే మందు పట్టించి ఉంటారు. మళ్లీ విత్తనశుద్ధి వద్దు, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

98 గుంటల ప్రోట్రేలో శుద్ధి చేసిన కొబ్బరిపొట్టు నింపాలి. పొట్టును పిడికిట పడితే ముద్ద కావాలి, నీరు మాత్రం కారకూడదు. గుంటకు ఒక గింజ చొప్పున అర సెంటీమీటరు లోతున పెట్టి, పైన పలుచగా పొట్టు కప్పాలి. ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి నల్ల పాలిథిన్ షీటు చుట్టి గదిలో ఉంచాలి. ఎండలో పెడితే లోపల ఉడికిపోతాయి. మొలక వచ్చేదాకా మళ్లీ నీరు పోసే పని సాధారణంగా ఉండదు.

ఆరో రోజు నుంచి రోజూ ఉదయం షీటు తీసి చూడాలి. మెడ వంచిన మొలకలు అక్కడక్కడ కనిపించగానే ట్రేలను షేడ్‌నెట్ కిందకు మార్చాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలక తెల్లగా సాగి పడిపోతుంది. నారుకుళ్లు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి. 30-35 రోజుల నారు నాటుకోవచ్చు, చలిలో ఇంకో వారం ఆగాలి.

ఇంకొక మాట. ప్యాకెట్, దాని లేబుల్, బిల్లు, కొన్ని గింజలు పక్కన దాచండి. వెచ్చగా ఉంచినా మూడు వారాలకు మొలవకపోతే, వాటితో ఉద్యాన అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.