గాజు పలకల మీద హైదరాబాదు

లాలా దీన్ దయాళ్ చేతికి కెమెరా రాకముందే స్కేలూ గీత కాగితమూ వచ్చాయి. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టిన ఆయన రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, 1866లో ఇండోర్‌లోని పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగానికి కుదిరాడు. డ్రాయింగులు గీయడం, ఖర్చు అంచనాలు కట్టడం ఆయన పని. ఫొటోలు తీయడం 1870లలో అంటిన సరదా.

సరదా అంటాం కానీ, ఆనాడది ఒళ్లు హూనమయ్యే పని. చెక్క కెమెరా, మూడు కాళ్ల స్టాండు, గాజు పలకల పెట్టెలు ఎక్కడికైనా మోయించుకుపోవాలి. పలక పగిలిందా, అంత శ్రమా వృథా. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితానికి వెండి లవణం పట్టించి, నెగెటివ్ కింద ఉంచి ఎండలో పెడితేనే బొమ్మ తేలేది. సూర్యుడు కూడా ఆ స్టూడియోలో పనివాడే!

1882లో బ్రిటిష్ అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగి, అక్కడి కోటలనూ గుళ్లనూ పలకల మీదికి ఎక్కించాడు. మధ్య భారత కట్టడాల మీద గ్రిఫిన్ 1886లో తెచ్చిన పుస్తకానికి ప్రాణం ఆ బొమ్మలే.

ఆయన హైదరాబాదు చేరేసరికి నగరం కొత్త మేడలు కడుతోంది. పాయగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఫలక్‌నుమా వాటిలో మకుటం. ఆ ప్యాలెస్ లోపలి గదులను దీన్ దయాళ్ తీసిన తీరు చూడాలి. షాండ్లియర్లు, తివాచీలు, చెక్కడపు కుర్చీలు ఉంటాయి, మనుషులు ఉండరు. అయినా గది బోసిపోయినట్టు అనిపించదు. ఎత్తైన కట్టడం కోసం కెమెరాను పైకి వంచితే బొమ్మలో గోడలు వాలిపోతాయి. ఆయన గోడలు మాత్రం గుండుదారం వేసినట్టు నిటారుగా నిలబడతాయి. భవనాన్ని ముందు కాగితం మీద కట్టి చూసుకున్న కన్ను అది. వాస్తుశిల్పానికీ ఫొటోకూ ఇంత దగ్గరి చుట్టరికం ఆ కాలంలో మరొకరి దగ్గర కనిపించడం అరుదు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ను ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకుని, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. కెమెరా పట్టినవాణ్ణి కుంచె పట్టినవాడి పేరుతో పిలవడం ఆ కళకు దక్కిన గౌరవం.

సికింద్రాబాదులో స్టూడియో నడుస్తుండగానే 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపిందీ ఒక మహిళే, కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనిత. పరదా దాటని స్త్రీలకు తమ రూపం తమ చేతికి అందిన చోటు అది. దర్బారు ఫొటోలన్నిటికంటే ఆయన చేసిన పెద్ద పని ఇదేనని చెప్పాలి.

1905లో ఆయన కన్నుమూశాడు. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించి భద్రపరిచింది. కానీ అచ్చులు అన్నీ అక్కడే లేవు. మీ ఇంట్లో తాతలనాటి ఆల్బమ్ ఉంటే ఒక్కసారి తీయండి. బొమ్మ అంటించిన అట్ట మీద ‘రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్’ అని కనిపిస్తే దాన్ని ఎండకూ తేమకూ దూరంగా దాచండి. అందులో ఉన్నదెవరో పెద్దవాళ్లను అడిగి, ఈ రోజే రాసి పెట్టుకోండి.